‘ఏమ్మా, మళ్ళీ జారిపడ్డావా?’ అన్నాను, ఆమె వెళ్లిపోయింది

ఒక నర్సు రాసిన ఉత్తరం ఇది. పదకొండేళ్లుగా ఎమర్జెన్సీలో పనిచేస్తున్నారు. ఉత్తరం ఆరు పేజీలుంది కాబట్టి కుదించి ఇస్తున్నాను. ఎవరినీ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

ఐదు నెలల్లో ఒకే పేషెంటు వాళ్ల దగ్గరికి మూడుసార్లు వచ్చింది. మొదటిసారి కనుబొమ్మ చిట్లింది. తలుపు తగిలిందని పక్కనున్న భర్త చెప్పాడు. పేరు అడిగినా అతనే, నొప్పి ఎక్కడని అడిగినా అతనే జవాబు. కుట్లు వేసి పంపేశారు. రెండోసారి ముంజేతికి దెబ్బ. బాత్రూంలో జారిపడ్డానంది. ఎక్స్‌రే గది దగ్గర ఒంటరిగా దొరికినప్పుడు ఈ నర్సు అడిగితే నిజం చెప్పేసి ఏడ్చింది. నైట్ డ్యూటీలో, అంత పనిలోనూ నలభై నిమిషాలు ఆమె పక్కనే కూర్చున్నారు. సోషల్ వర్కర్‌ని పిలిపించారు, తలదాచుకునే చోటు మాట్లాడారు. ఆమె సరేనంది. తెల్లవారాక భర్త రాగానే అతని వెంట ఇంటికి వెళ్లిపోయింది. ‘నా వైపు చూడను కూడా లేదు’ అని రాశారు.

మూడోసారి రెండు వారాల క్రితం. శనివారం రాత్రి, హాలంతా జనం. మెడకు స్కార్ఫ్ చుట్టుకుని వచ్చింది. గొంతు బొంగురుపోయింది. మింగుతుంటే నొప్పిగా ఉంది, తల తిరుగుతోంది అంది. ‘ఏమ్మా, మళ్ళీ జారిపడ్డావా?’ అన్నారు ఈ నర్సు, అందరికీ వినపడేలా. వెనక ఒక జూనియర్ కిసుక్కున నవ్వింది. ఆమె ఒక్క క్షణం చూసి, చీటీ బల్ల మీద పెట్టేసి, డాక్టర్ చూడకుండానే వెళ్లిపోయింది. ఆ తర్వాతది ఉత్తరంలోని మాటల్లోనే:

‘ఆ రోజు ఆమె ఒంటరిగా వచ్చింది మేడమ్. ఆ సంగతి నాకు డ్యూటీ దిగి, ఇంటికెళ్లి పడుకున్నాక తట్టింది. ఇలాంటివాళ్లకి మా దగ్గర “రెగ్యులర్ కస్టమర్లు” అని పేరు. పెట్టింది నేను కాదు, కానీ నేనూ వాడాను. కేస్ షీట్‌లో ఆమె నంబరుంది. ఫోన్ చేయనా? పోలీసులకి చెప్పనా? మా ఇన్‌చార్జ్‌కి చెప్పుకుని తిట్లు తిననా? అసలు నేను ఈ పనికి తగినదాన్నేనా? మా అక్క సంసారం కూడా ఇలాంటిదే. పదేళ్లు చెప్పాను, వినలేదు. ఇప్పుడు మా మధ్య మాటల్లేవు.’

సిస్టర్,

మీరు ఆరు పేజీల్లో మీ మాట గురించే రాశారు. ఆ మాట సంగతికి తర్వాత వస్తాను. ముందు ఆమె గొంతు గురించి మాట్లాడాలి, ఎందుకంటే నన్ను భయపెట్టింది అదే.

బొంగురు గొంతు, మింగితే నొప్పి, తల తిరగడం, మెడకు చుట్టుకున్న స్కార్ఫ్. ఇవన్నీ ఒక్క కేస్ షీట్‌లో మీకు చూపించి ఇదేమిటని అడిగితే, మీరు తడుముకోకుండా చెప్పేవారు: ఎవరో పీక పిసికారు. ఆ రాత్రి మీకది తట్టలేదు. మీకు చదువు తక్కువై కాదు. ఆమె ఎవరో మీకు ముందే తెలుసు కాబట్టి. ‘మళ్ళీ ఈవిడే’ అనుకున్న క్షణం నుంచి మీ కంటికి పేషెంటు కనిపించలేదు, పాత కథ కనిపించింది. నా దృష్టిలో ‘రెగ్యులర్ కస్టమర్’ అనే పేరు చేసే అసలు నష్టం ఇదే. మర్యాద సంగతి అటుంచండి, ఆ పేరు రోగ నిర్ధారణనే చెడగొడుతుంది.

మెడ నొక్కినప్పుడు పైకి గుర్తులు ఉండాలని లేదు. అమెరికాలోని శాన్ డియెగోలో పోలీసుల దగ్గరికి వచ్చిన 300 ఇలాంటి కేసుల పరిశీలన 2001లో అచ్చయింది. వాళ్లలో సగం మందికి కంటికి కనపడే గుర్తు ఒక్కటీ లేదు. మరెందరికో ఫొటో తీస్తే పడనంత చిన్నవి. లోపల మాత్రం మెడలోని రక్తనాళం గోడ చీలి ఉండొచ్చు, గంటల తర్వాతో రోజుల తర్వాతో పక్షవాతం రావచ్చు. శ్వాసనాళం చుట్టూ వాపు మెల్లగా పెరగొచ్చు. అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. భర్త లేదా భాగస్వామి ఒకసారి మెడ నొక్కిన స్త్రీ, ఆ తర్వాత అతని చేతుల్లోనే హత్యకు గురయ్యే అవకాశం ఏడు రెట్లకు పైగా ఎక్కువని 2008లో వచ్చిన పరిశోధన చెప్పింది. ఆ బృందంలో జాక్వెలిన్ క్యాంప్‌బెల్ ఉన్నారు. ఆవిడా నర్సే. ప్రాణాపాయం ఎంత దగ్గరలో ఉందో బాధితురాలితో కలిసి అంచనా వేయడానికి ‘డేంజర్ అసెస్‌మెంట్’ అనే ప్రశ్నావళిని 1980లలో తయారుచేసింది ఆవిడే. ముందు ఒక క్యాలెండర్ చేతికిచ్చి, గడిచిన ఏడాదిలో ఏ రోజు ఏం జరిగిందో గుర్తుపెట్టమంటారు. ‘ఏదో అప్పుడప్పుడు’ అనేవాళ్లు ఆ గుర్తులు చూసి తామే అవాక్కవుతారు.

ఇంక ఫోన్ సంగతి. చేయాలన్న మీ ఆరాటం నాకు అర్థమవుతుంది. కానీ ఆ నంబరుకి ఎవరు ఎత్తుతారు? మొదటిసారి చీటీ రాయించింది భర్తే అయితే అది అతని నంబరే కావచ్చు. ఆమెదే అయినా ఫోన్ అతని చేతిలో ఉండొచ్చు. ‘మొన్న రాత్రి మా ఆసుపత్రికి వచ్చారు కదా’ అని మీరు అనే ఒక్క ముక్కతో, ఆమె చెప్పకుండా వచ్చిందన్న విషయం అతనికి తెలిసిపోతుంది. పైగా మీ సొంత ఫోన్ నుంచి, కేస్ షీట్‌లో చూసిన నంబరుకి చేయడం మీ ఉద్యోగానికీ మంచిది కాదు. మెసేజ్ గురించైతే ఆలోచించకండి, అది అక్కడే పడి ఉంటుంది.

అయితే అసలు చేయకూడదా అంటే, అలా కూడా అనలేను. ఆ గొంతు ఉన్న మనిషి డాక్టర్ చూడకుండా వెళ్లిపోయింది. చూపించుకోకుండా వెళ్లినవాళ్లని ఆసుపత్రి వెనక్కి పిలిచే పద్ధతి చాలాచోట్ల ఉంటుంది. ఆ దారిలో, సోషల్ వర్కర్ చేత, ఆసుపత్రి నంబరు నుంచి చేయించవచ్చు. ముందు ఆమె గొంతేనని తేల్చుకోవాలి. ‘ఇప్పుడు మాట్లాడడానికి వీలవుతుందా? అవును, కాదు అంటే చాలు’ అని అడగాలి. కాదంటే ‘సారీ, రాంగ్ నంబర్’ అని పెట్టేయాలి. వేరెవరు ఎత్తినా అదే మాట. దీనివల్ల ఆమె వస్తుందా? రాకపోవచ్చు. రెండు వారాలు ఆలస్యం కూడా అయింది. కానీ ఆ రెండు వారాల్లో ఏ రోజైనా తేడా చేసి ఉండగలిగే దారి అది, ఇప్పటికీ మూసుకుపోలేదు. చేస్తే మాత్రం మీరు క్షమాపణ చెప్పుకోవడానికి చేయకూడదు. మెడ స్కాన్ కోసమే చేయాలి.

పోలీసుల విషయంలో మొదట మీరు పనిచేసే చోట చట్టమేం చెబుతుందో, మీ ఆసుపత్రి నియమమేంటో కనుక్కోండి. కొన్నిచోట్ల ఇలాంటి దెబ్బలు చూస్తే చెప్పి తీరాలి, ఇక అందులో మీ ఇష్టానికి చోటు లేదు. అలాంటి చోట ఒక మర్యాద పాటించాలి: ఆమె నోరు విప్పకముందే ‘మీరు చెప్పినదాంట్లో కొన్ని నేను పైవాళ్లకి చెప్పాల్సి వస్తుంది’ అనాలి. నమ్మి చెప్పాక ఆ సంగతి బయటపెడితే అది ఇంకో దెబ్బ. చట్టం బలవంతం చేయని చోట, మేజరైన స్త్రీని అడగకుండా ఫిర్యాదు చేస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. అతన్ని పిలిచి మందలించి పంపుతారు. ఆ రాత్రి ఇంట్లో ఉండేది మీరు కాదు. ఆ తర్వాత ఆమె ఏ ఆసుపత్రి గడపా తొక్కదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా వైద్య సిబ్బంది తప్పనిసరిగా పోలీసులకు చెప్పి తీరాలన్న నిబంధనను సిఫారసు చేయలేదు. ఆమె కోరితే ఆ పనిలో సాయం చేయమన్నాయి. పిల్లల మీద చెయ్యి పడుతున్నా, ప్రాణం ఇవాళో రేపో అన్నట్టున్నా లెక్క మారుతుంది. ఆ రాత్రి ఆమె ఆగి, మెడ సంగతి చెప్పి ఉంటే బహుశా విషయం ఆ గీత దాటి ఉండేది. ఇప్పుడు మీ చేతిలో ఉన్నది అనుమానమే. దాన్ని ఒక్కరే మోయకుండా డాక్టర్‌తో, సోషల్ వర్కర్‌తో కలిసి తేల్చుకోండి.

ఇప్పుడు ఆ మాట దగ్గరికి వద్దాం.

మీ కోపం మూడోసారి పుట్టింది కాదు. రెండోసారి తెల్లవారి, ఆమె మీ వైపు చూడకుండా వెళ్లినప్పుడు పుట్టింది. నలభై నిమిషాలు పెట్టాను, ఏం లాభం అనిపించింది. నేనూ నర్సుగా చేసినదాన్నే, ఈ లెక్క నాకు బాగా తెలుసు. ఆమె అతన్ని వదిలేస్తే మనం గెలిచినట్టు, వెనక్కి వెళ్తే మన కష్టం బూడిదలో పోసిన పన్నీరు. ఈ లెక్కతో పనిచేస్తే ఏ నర్సుకైనా నాలుగేళ్లలో గుండె గట్టిపడుతుంది. ఎందుకంటే చాలామంది వెనక్కే వెళ్తారు.

ఎందుకు వెళ్తారో మీకు తెలియదని కాదు, అయినా ఒకటి చెప్పాలి. ఇలాంటి సంసారంలో అన్నిటికన్నా ప్రమాదమైన సమయం ఆమె బయటికి అడుగుపెట్టినప్పుడూ, ఆ తర్వాతి కొన్ని నెలలూ. ఆధిపత్యం చెయ్యి జారుతోందని అతనికి అర్థమయ్యే సమయం అది. అతను ఎప్పుడు చెయ్యెత్తుతాడో, ఎప్పుడు చల్లబడతాడో, పిల్లలు ఏ గదిలో ఉంటే మంచిదో అన్నీ లెక్కలేసుకుని బతుకుతున్న మనిషికి, ఆ తెల్లవారుజామున అతని వెంట వెళ్లడమే ఆ రోజుకి క్షేమమైన దారి అయి ఉండొచ్చు. మీ వైపు చూడకపోవడం కూడా అందుకే కావచ్చు. చూసి ఉంటే కారులో అతను అడిగేవాడు: ‘ఆ నర్సుకేం చెప్పావు?’

అలాగని అది కచ్చితంగా తెలివైన లెక్కేనని నేను వాదించను. భయం ఉంటుంది, డబ్బు ఉండదు, అతని మీద ప్రేమ కూడా ఉంటుంది. ఈ చివరిదాన్ని మన నర్సింగ్ స్టేషన్లలో ఎవరూ క్షమించరు, ఎందుకో.

పైన చెప్పిన మార్గదర్శకాల ఆధారంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో తెచ్చిన చేతిపుస్తకంలో మొదటి సాయంగా ఏం చేయాలో ఐదు పనులున్నాయి. చెప్పేది వినడం, ఇప్పుడేం కావాలని అడగడం, నమ్ముతున్నానని, తప్పు నీది కాదని తెలియజేయడం, ఇంటికెళ్లాక ఎలా జాగ్రత్తపడాలో కలిసి ఆలోచించడం, సాయం దొరికే చోటుకి దారి చూపడం. ఆమె చేత అతన్ని వదిలించడం అనేది అందులో లేదు. ఆ కొలతతో చూస్తే మీ రెండో రాత్రి డ్యూటీ వృథా కాలేదు. ఆమె అబద్ధం చెప్పాల్సిన అవసరం లేని చోటు ఒకటుందని ఆ రాత్రి తెలిసింది. మూడోసారి ఒంటరిగా వచ్చింది. మీ కోసమే వచ్చిందని నేను అనను, ఆ వేళ తెరిచి ఉన్న తలుపు అదొక్కటే కావచ్చు. కానీ వచ్చింది. మీకు అంత బాధగా ఉన్నది కూడా అందుకేగా.

ఇలాంటి కేసులు ఏడాదికోసారి వచ్చేవి కావు కాబట్టి రేపటి డ్యూటీ గురించి కూడా చెబుతాను. పెళ్లయిన లేదా భాగస్వామి ఉన్న 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ప్రపంచవ్యాప్తంగా సుమారు 27 శాతం మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఆ మనిషి చేతిలో శారీరక లేదా లైంగిక హింసను చూశారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అంచనా వేసింది. నలుగురిలో ఒకరికి పైనే. మీ నర్సింగ్ స్టేషన్‌లో ఆ రాత్రి ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకోండి. నవ్వినమ్మాయి నవ్వింది. నవ్వకుండా తల వంచుకుని సెలైన్ సీసా సరిచేసుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారేమో గుర్తుతెచ్చుకోండి.

మీరు రెండోసారి అడిగిన పద్ధతి చాలా బాగుంది, ఎక్స్‌రే దగ్గర ఒంటరిగా. దాన్ని అదృష్టానికి వదలకండి. ‘లోపలికి పేషెంటు ఒక్కరే’ అనే నియమం అందరికీ ఒకేలా ఉంటే ఏ భర్తకీ అనుమానం రాదు. యూరిన్ శాంపిల్ అడిగినా ఐదు నిమిషాలు దొరుకుతాయి. అడిగేటప్పుడు ‘మీ ఆయన కొడతాడా?’ అంటే చాలామంది లేదనే అంటారు, అందులో పరువుంది. ‘ఇలాంటి దెబ్బలు ఒక్కోసారి ఇంట్లోవాళ్లు చెయ్యి చేసుకోవడం వల్ల తగులుతుంటాయి, అందుకే అందర్నీ అడుగుతాం’ అని మొదలుపెట్టండి. లేదన్నా పరవాలేదు. అడిగారన్నది గుర్తుంటుంది. సాయం నంబరున్న కాగితం చేతిలో పెట్టేముందు ‘ఇది మీ దగ్గరుంటే ఇబ్బందా?’ అని అడగండి. బ్యాగు వెతికే మనుషులుంటారు. అదే కారణానికి, డిశ్చార్జ్ కాగితాల్లో ఏం అచ్చవుతుందో, ఆసుపత్రి యాప్‌లో ఏం కనపడుతుందో కూడా చూసుకోండి. అవి చదివేది ఆమె ఒక్కతే కాదు.

రాయడం గురించి ఒక చిన్న గొడవ నాకెప్పుడూ ఉంది. డ్యూటీ అప్పగించేటప్పుడు మనం ఎలా చెబుతాం? ‘మూడో నంబర్ బెడ్, ఛాతీనొప్పి’ అంటాం. ‘ఐదో నంబర్ బెడ్, మొగుడు కొట్టాడట’ అంటాం. ఛాతీనొప్పికి లేని ఆ ‘ట’ దీనికెందుకు వచ్చింది? ఆ ఒక్క అక్షరంతో వచ్చే షిఫ్టువాళ్లకి అనుమానం కూడా అప్పగిస్తున్నాం. కేస్ షీట్‌లో ‘ఆరోపిస్తోంది’ అని రాసినా అంతే. ‘భర్త రెండు చేతులతో మెడ నొక్కాడని చెప్పింది’ అని ఆమె మాటల్లోనే రాయండి. గాయం ఎక్కడుంది, ఎంత పొడవు, ఏ రంగు అన్నది బొమ్మ మీద గుర్తుపెట్టండి. కమిలిన రంగు చూసి ‘మూడు రోజులనాటిది’ లాంటి జోస్యం మాత్రం వద్దు, రంగును బట్టి వయసు అంత నమ్మకంగా చెప్పలేం. రేపు కోర్టులో ఆ ఒక్క తప్పు పట్టుకుని మొత్తం కేస్ షీట్‌నే కొట్టిపారేయవచ్చు.

ఇన్‌చార్జ్‌కి చెప్పాలా? చెప్పకపోతే ఎవరికీ తెలియదు, ఇది నిజమే. చెబితే మెమో రావచ్చు, కొన్నాళ్లు ట్రయాజ్ నుంచి, అంటే వచ్చినవాళ్లలో ఎవరిని ముందు చూడాలో తేల్చే పని నుంచి, తప్పించవచ్చు, ఆ జూనియర్ మీతో ముభావంగా ఉండొచ్చు. నేనైతే చెప్పే వైపే మొగ్గుతాను. పాపపరిహారం కోసం కాదు. మెడ మీద దెబ్బ అనుమానం ఉన్న పేషెంటు డాక్టర్ చూడకుండా వెళ్లిపోయింది, అది రికార్డులో ఉండాలి. ఫోన్ చేయించే దారి కూడా అక్కడి నుంచే తెరుచుకుంటుంది. ‘నేను చెడ్డదాన్ని’ అని మొదలుపెట్టకండి. ఏం జరిగిందో చెప్పి, రెండు అడగండి: బొంగురు గొంతుతో వచ్చినవాళ్లని వెంటనే లోపలికి పంపే నియమం, హాల్లో అందరి ముందూ కాకుండా మాట్లాడడానికి తెర చాటున ఒక కుర్చీ. ముందు చిన్నగా మొదలుపెట్టాలనుంటే, ఆ జూనియర్‌ని పక్కకి పిలిచి ‘ఆ రోజు నేను అన్నది తప్పు’ అనండి. మీ మాట విన్నాకే తను నవ్వింది.

మళ్ళీ ఆమె వస్తే? ‘పోయినసారి నేను అన్నది తప్పు. మీరు వచ్చి మంచి పని చేశారు’ అనండి. అక్కడితో సరి. మీ కన్నీళ్లు, మీ నిద్రలేని రాత్రులు చెప్పకండి. చెబితే ఆమె మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. ఇంట్లో ఆమె చేస్తున్నదీ ఆ పనేగా, ఒకరి మూడ్ కనిపెట్టి సర్దుకోవడం.

ఈ పనికి తగినదాన్నేనా అని అడిగారు. నిద్ర పట్టక ఆరు పేజీలు రాసిన మనిషిని నేను తీసేయను. కానీ అలిసిపోయారు. కొన్నాళ్లు ఇలాంటి కేసు వస్తే పక్క సిస్టర్‌ని చూడమని అడగడంలో నామోషీ లేదు. దానివల్ల వచ్చే చిక్కేమిటంటే, మీ దగ్గర చెప్పగలిగిన మనిషి ఇంకొకరి దగ్గర చెప్పకపోవచ్చు. వేరే వార్డుకి మారితే ఊపిరి తిరుగుతుంది, అయితే ఎక్స్‌రే గది దగ్గర అడగడం తెలిసిన నర్సు ఎమర్జెన్సీలో ఒకరు తగ్గుతారు. ఏది మోయగలరో మీకే తెలియాలి.

చివరి పేజీలో మూడు ముక్కల్లో తేల్చేశారు అక్క సంగతి. నాకు మాత్రం ఉత్తరమంతా అక్కడి నుంచే మొదలైందనిపించింది. ఎమర్జెన్సీ హాల్లో మీరు ఆ మాట అన్నది ఎవరిని? పదేళ్లు చెప్పాను, వినలేదు అంటున్నారు. ఆ పదేళ్లలో ఆవిడ చెప్పింది మీరు ఎంత విన్నారో నాకు తెలియదు. ఫోన్ చేయమని నేను అనను. ఆవిడ ఎత్తకపోవచ్చు, ఎత్తి తిట్టవచ్చు, పక్కన బావగారు ఉండొచ్చు. ఒకవేళ చేస్తే, సలహాలన్నీ పక్కన పెట్టి ‘ఎలా ఉన్నావక్కా’ దగ్గర ఆపేయండి. ఆ తర్వాత ఎంతసేపు నిశ్శబ్దంగా ఉన్నా, మీరు మాత్రం మాట్లాడకండి.